చెక్కు మీద పేరెవరిది?

అమెరికా ప్రభుత్వం పత్తి రైతులకు డబ్బులిస్తుందన్న మాట ఎత్తగానే మనవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఇండియాలో ఉన్నవాళ్ళు, "చూశావా, అంత పెద్ద పెట్టుబడిదారీ దేశమే రైతుకిస్తోంది, మనమిస్తే తప్పేంటి?" అంటారు. ఇక్కడ జీతంలో మూడో వంతు టాక్సు కట్టే మన సాఫ్టువేరు జనం, "మన డబ్బంతా అటే పోతోంది" అని గొణుగుతారు. (ఈ రెండో జట్టువాళ్ళే ఇంటికి ఫోన్ చేసినప్పుడు మొదటి జట్టులోకి మారిపోతారు, అది వేరే సంగతి.)

ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఎంతసేపైనా వాదించుకుంటారు గానీ, ఇచ్చే చెక్కు మీద ఎవరి పేరుంటుందని మాత్రం రెండు జట్లలో ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు గొడవంతా అక్కడే ఉంది. గాల్లో మాట్లాడడం దేనికి, ఒక కౌంటీని పట్టుకుని చూద్దాం.

పశ్చిమ టెక్సాస్‌లో లబ్బక్ నుంచి 87వ నంబరు హైవే మీద దక్షిణానికి ముప్ఫై మైళ్ళు వెళితే తహోకా అనే ఊరొస్తుంది. లిన్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. ఒక ప్రాజెక్టు మీద కొన్నాళ్ళు లబ్బక్‌లో ఉన్నాను కాబట్టి ఆ దారి నాకు బాగా తెలుసు. బల్లపరుపు నేల, ఎర్రటి ఇసుక మట్టి, కనుచూపుమేరా పత్తి. మన దగ్గర కూలీలు వంగి వంగి మూడు నాలుగు విడతలుగా ఏరే పత్తిని ఇక్కడ స్ట్రిప్పర్ యంత్రం కాయ తొడిమలతో సహా ఒక్క విడతలో దూసేస్తుంది. కోత అయ్యాక చేలల్లో ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద పత్తి చుట్టలు వరసగా పడి ఉంటాయి, జిన్నుకు వెళ్ళే లారీ కోసం. మనుషులు మాత్రం పెద్దగా కనిపించరు.

నిజంగానే లేరు మరి. 1930 జనాభా లెక్కల్లో లిన్ కౌంటీలో 12 వేల పైచిలుకు మంది ఉన్నారు. 2020 లెక్కల్లో 5,600 మందైనా లేరు. ఈ తొంభై ఏళ్ళలో ఎక్కువ కాలం పత్తికి ఏదో ఒక రూపంలో ప్రభుత్వ సాయం అందుతూనే ఉంది. ప్రతి వ్యవసాయ చట్టమప్పుడూ వాషింగ్టన్‌లో వినిపించే మాట ఒకటే - "కుటుంబ వ్యవసాయాన్ని, పల్లెను కాపాడడానికి". డబ్బు వచ్చింది, పత్తి మిగిలింది, పల్లె సగమైంది.

సబ్సిడీ వల్లే జనం పోయారని నేననడం లేదు. ట్రాక్టరొచ్చింది, స్ట్రిప్పరొచ్చింది, పిల్లలు చదువుకుని నగరాలకు పోయారు. (మనమూ అలాగే కదా వచ్చింది!) సబ్సిడీ లేకపోతే ఇంకా ముందే ఖాళీ అయ్యేదని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బు ఏ దారిన ఎవరి చేతికి చేరిందో చూస్తే, అది మనుషులను నిలబెట్టడానికి తయారైన పథకం కాదని తెలిసిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. 2002 వ్యవసాయ చట్టం దీనికి మంచి ఉదాహరణ. అందులో దూదికి పౌను ఒక్కింటికి (సుమారు 454 గ్రాములు) 72.4 సెంట్లు లక్ష్య ధరగా పెట్టారు. మార్కెట్లో ధర 40 సెంట్లే ఉందనుకోండి. లోన్ రేటు 52 సెంట్లు కాబట్టి ఆ తేడా 12 సెంట్లు ప్రభుత్వం భరిస్తుంది. ధర ఎంతున్నా సరే ఇచ్చే డైరెక్ట్ పేమెంట్ 6.67 సెంట్లు. ఇంకా లక్ష్య ధరకు తక్కువైన 13.73 సెంట్లు మూడో పద్దు కింద. అన్నీ కూడితే సరిగ్గా 72.4. మార్కెట్ ఏడ్చినా నవ్వినా రైతు లెక్క దాదాపుగా అక్కడికే వచ్చి ఆగుతుంది.

"దాదాపుగా" అని ఎందుకన్నానంటే, ఈ మూడింటిలో మొదటిది మాత్రమే ఆ ఏడాది నిజంగా పండిన పత్తి మీద ఇచ్చేవారు. మిగతా రెండూ "బేస్ ఎకరాల" మీద, అందులోనూ 85 శాతం మీద లెక్కగట్టేవారు. బేస్ ఎకరాలంటే గతంలో ఆ పొలంలో ఎంత విస్తీర్ణంలో ఏ పంట వేశారన్న రికార్డు. అంటే, ఈ ఏడాది అసలు పత్తి వెయ్యకపోయినా డైరెక్ట్ పేమెంట్ వస్తుంది. ఏమీ వెయ్యకపోయినా వస్తుంది!

2014 చట్టంలో డైరెక్ట్ పేమెంట్లు ఎత్తేశారు, పత్తిని ఆ జాబితాలోంచే తీసేసి ప్రత్యేక బీమా పెట్టారు. 2018 ఫిబ్రవరిలో పత్తి మళ్ళీ వెనక తలుపు గుండా వచ్చేసింది. ఈసారి దూదిగా కాదు, "గింజతో ఉన్న పత్తి" అనే పేరుతో, పౌనుకు 36.7 సెంట్ల రిఫరెన్స్ ధరతో. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని 42 సెంట్లకు పెంచింది, ఒక్కొక్కరికిచ్చే పరిమితిని 1,25,000 డాలర్ల నుంచి 1,55,000కు తీసుకెళ్ళింది. వీటికి తోడు పంట బీమా ప్రీమియంలో సగటున 60 శాతం దాకా ప్రభుత్వమే కడుతుంది. 2018, 2019ల్లో చైనాతో వాణిజ్య యుద్ధమప్పుడు వేరే చెక్కులు. 2025 డిసెంబరులో పంటలన్నిటికీ కలిపి 1200 కోట్ల డాలర్ల మరో సాయం ప్రకటించారు. పథకాల పేర్లు మారుతుంటాయి గానీ వాటి కింద ఉన్న "బేస్ ఎకరం" అనే పునాది మాత్రం చెక్కుచెదరలేదు.

మన వృత్తి భాషలో చెప్పాలంటే, ఈ డేటాబేసులో ప్రైమరీ కీ రైతు కాదు, భూమి. ప్రతి కౌంటీలో ఉండే వ్యవసాయ శాఖ ఆఫీసులో ప్రతి పొలానికీ ఒక నంబరు, అందులోని ప్రతి చెక్కకూ ఇంకో నంబరు ఉంటాయి. బేస్ ఎకరాలు ఆ నంబరుకు అతుక్కుని ఉంటాయి. పొలం అమ్మితే అవీ దాంతో పాటే పోతాయి. రైతు ఆ టేబుల్లో వచ్చిపోయే ఒక కాలమ్ మాత్రమే. ప్రైమరీ కీ దేన్ని పెట్టామో సిస్టమ్ దాన్నే కాపాడుతుందని మనకు వేరే చెప్పాలా?

"అదేంటి, అమెరికాలో చట్టప్రకారం సాగు చేసేవాడికే కదా డబ్బిచ్చేది" అని తెలిసినవాళ్ళు అడ్డుపడతారు. నిజమే. ఇక్కడ కౌలు రెండు రకాలు. నగదు కౌలైతే నష్టభయం కౌలుదారుదే కాబట్టి చెక్కు అతని పేరుమీదే వస్తుంది. పాలు పద్ధతైతే ఇద్దరికీ వాటా ప్రకారం వస్తుంది. పశ్చిమ టెక్సాస్‌లో పత్తికి భూయజమాని వాటా నాలుగో వంతు అన్నది పాత ఆనవాయితీ. ప్రతి ఏడాదీ ఏ చెక్కలో ఏ పంట వేశారు, ఎవరి వాటా ఎంత అని ఆఫీసులో రాయించాలి కూడా. కాగితం మీద ఇది చాలా పద్ధతైన వ్యవహారం.

అయితే భూయజమాని అమాయకుడేం కాదు. తన పొలానికి ఎన్ని బేస్ ఎకరాలున్నాయో, వాటి మీద ఎంతొస్తుందో అతనికి తెలుసు. వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేటప్పుడు ఆ లెక్క వేసుకునే మాట్లాడతాడు. నువ్వు కాకపోతే పక్కవాడు. ఆ పక్కవాడికి ఇప్పటికే నాలుగు వేల ఎకరాల సాగుంది, పెద్ద యంత్రాలున్నాయి, బ్యాంకులో పరపతి ఉంది. అతను ఎకరానికి ఇంకో ఐదు డాలర్లు ఎక్కువిస్తానంటాడు. అలా చెక్కు కౌలుదారు పేరుమీదే వచ్చినా, డబ్బులో కొంత కౌలు రేటులోకి, అక్కణ్ణుంచి భూమి ధరలోకి ఇంకిపోతుంది. ఎంత శాతం ఇంకుతుందన్నదాని మీద ఆర్థికవేత్తలు కొట్టుకుంటారు గానీ ఇంకుతుందన్నదాని మీద కాదు. కొత్తగా వ్యవసాయం మొదలుపెట్టాలనుకునే కుర్రాడికి మాత్రం ప్రభుత్వ సాయం వల్ల భూమి మరింత ప్రియమవుతుంది. సబ్సిడీల జాబితాలను కౌంటీలవారీగా జనం ముందు పెట్టిన ఎన్విరాన్మెంటల్ వర్కింగ్ గ్రూప్ లెక్కల ప్రకారం, 1995 నుంచి పంటల సబ్సిడీలో దాదాపు నాలుగింట మూడు వంతులు పైనున్న పది శాతం మందికే చేరింది. ఎకరాన్ని బట్టి ఇస్తే ఎకరాలున్నవాడికే కదా వెళ్ళేది, ఇందులో కుట్రేమీ లేదు.

ఇదేదో ఈ మధ్య పుట్టిన లోపం కూడా కాదు. 1933లో పత్తి ధర కూలిపోయినప్పుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం, ఎదిగిన పత్తిని దున్నేస్తే డబ్బిస్తామంది. సుమారు కోటి ఎకరాల పత్తి అలా మట్టిలో కలిసింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ చేలల్లో పనిచేసేది ఎక్కువగా పాలుకు చేసే పేదలు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ. చెక్కులు వెళ్ళింది మాత్రం భూస్వాముల ఇళ్ళకు. పాలేర్లకు వాటా ఇవ్వాలని నిబంధన ఉన్నా చాలామంది ఇవ్వలేదు. విస్తీర్ణం తగ్గించాక అంతమంది అక్కర్లేదని వెళ్ళగొట్టారు, ఆ డబ్బుతోనే ట్రాక్టర్లు కొన్నారు. 1934లో ఆర్కన్సాలోని టైరోంజా అనే చిన్న ఊళ్ళో నల్ల, తెల్ల పాలేర్లు కలిసి ఒకే సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో, ఆ ప్రాంతంలో అది మామూలు సాహసం కాదు.

అందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఇంకోటి. ఒప్పందంలో "పాలేర్లను తగ్గించకూడదు" అనే అర్థమొచ్చే క్లాజు ఒకటుండేది. అంటే సంఖ్య తగ్గకూడదనా, లేక ఉన్న మనుషులనే ఉంచాలనా? వ్యవసాయ శాఖలో జెరోమ్ ఫ్రాంక్ నాయకత్వంలోని న్యాయ విభాగం "ఉన్న మనుషులనే" అని అర్థం చెప్పింది. 1935 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌తో సహా ఆ విభాగంలో పలువురి ఉద్యోగాలు పోయాయి. చెక్కు మీద ఎవరి పేరుండాలన్న ప్రశ్న తొంభై ఏళ్ళ కిందటే వాషింగ్టన్‌లో వచ్చింది. జవాబు చెప్పినవాళ్ళను ఇంటికి పంపి ఆ ప్రశ్నను మూసేశారు.

దాని ఫలితం 2006లో కూడా కనబడింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ జులైలో, అసలు వ్యవసాయమే చెయ్యనివాళ్ళకు 2000 నుంచి 130 కోట్ల డాలర్లు వెళ్ళాయని లెక్క తీసింది. టెక్సాస్‌లోనే, ఒకప్పుడు వరి పండిన భూముల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు కూడా పెరటి గడ్డి మీద చెక్కులొచ్చాయి. వాళ్ళు మోసం చెయ్యలేదు, అడగనుకూడా లేదు. భూమికి అర్హత ఉంది, భూమి వాళ్ళది. అంతే.

ఇక దేశం దాటితే దీని దెబ్బ వేరే. అమెరికా తాను పండించే పత్తిలో ఎక్కువ భాగం బయటికే అమ్ముతుంది. ధర పడినప్పుడు మిగతా దేశాల రైతులు విత్తనం తగ్గించుకుంటారు, లిన్ కౌంటీ రైతుకు ఆ అవసరం రాదు. అందుకే 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, 2005లో అప్పీలులోనూ గెలిచింది. అప్పుడు అమెరికా ఏం చేసిందో తెలుసా? సబ్సిడీని అలాగే ఉంచుకోవడం కోసం 2010 నుంచి బ్రెజిల్ పత్తి రంగానికి ఏడాదికి 14.73 కోట్ల డాలర్ల చొప్పున ఇవ్వడానికి ఒప్పుకుంది! చివరికి 2014లో 30 కోట్లిచ్చి కేసు ముగించుకుంది. కేసు వేసే స్తోమత లేని మాలి, బుర్కినా ఫాసో, బెనిన్, చాద్ దేశాలు 2003 నుంచి ఆ వేదిక మీద మొరపెట్టుకుంటూనే ఉన్నాయి.

మన వరంగల్ దాకా కూడా ఈ గాలి వస్తుంది. 1997-98లో వరంగల్ జిల్లాలో జరిగిన పత్తి రైతుల ఆత్మహత్యలకు అమెరికా సబ్సిడీయే కారణమని వేదికలెక్కి చెప్పేవాళ్ళున్నారు. అది తేలిక మాట. అక్కడ పురుగుంది, నకిలీ మందులున్నాయి, షావుకారు వడ్డీ ఉంది. అన్నీ అమెరికా నెత్తిన రుద్దితే మన దగ్గర ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. అలాగని సంబంధం లేదనీ కాదు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా భారత ప్రభుత్వం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది. సరిగ్గా మన కొత్త పత్తి మార్కెట్ యార్డుకొచ్చే రోజులు. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకు అమ్మగలిగిన రైతుకు సుంకం ఎత్తేసినా కొంత రక్షణ ఉంటుంది. తేమ ఎక్కువుందనో, కాగితాలు లేవనో వెనక్కి పంపిన రైతుకు లిన్ కౌంటీ పత్తే పోటీ.

ఆ "కాగితాలు" అన్న మాట దగ్గరే మా చిన్నాయన గుర్తొస్తాడు. ఆయనకు రెండెకరాల పట్టా ఉంది, ఇంకో ఐదెకరాలు కౌలుకు చేస్తాడు. ఓసారి ఫోన్లో ఈ అమెరికా పత్తి సంగతి చెప్తుంటే మధ్యలో ఆపి అడిగాడు.

"అది గాదు బిడ్డా, ఆడ పైసలు భూమున్నోనికిస్తరా, దున్నెటోనికిస్తరా?"

"పేరుకు దున్నెటోనికే చిన్నాయనా, లెక్క మాత్రం భూమిని బట్టి."

"గట్లనా. ఈడ పేరుకు గూడ లేదు. రైతుబంధు పైసలు పడ్డయని మా ఆసామి హైదరాబాదులకెల్లి ఫోన్ జేసి చెప్పిండు. కౌలు మాత్రం ఒక్క రూపాయి తగ్గియ్యలే."

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. 2018 మేలో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాళ్ళకే, ఎకరానికి సీజనుకు 4,000 చొప్పున, ఎకరాల మీద పరిమితి లేకుండా ఇచ్చారు. కౌలు రైతు లెక్కలోనే లేడు. ప్రభుత్వం మారింది, పేరు రైతు భరోసా అయింది, 2025 జనవరి నుంచి ఏడాదికి ఎకరానికి 12,000 అయింది. కౌలుదారుకూ ఇస్తామన్న ఎన్నికల మాట మాత్రం మాటగానే ఉండిపోయింది. ఆంధ్రాలో ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడే 2011లో కౌలుదారుకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టంలో కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే ఎక్కడ భూమి మీద హక్కడుగుతాడో అని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడాది పొలమివ్వడేమో అని కౌలుదారు భయం.

"కౌలుదారుణ్ణి గుర్తించడం చాలా కష్టమండీ, ఆచరణలో సాధ్యం కాదు" అని చదువుకున్న మిత్రులు అంటుంటారు. లిన్ కౌంటీలో ఏటా ఏ చెక్క ఎవరు చేస్తున్నారో, ఎంత వాటాయో రాసుకుంటూనే ఉన్నారు కదా! దాంతో అక్కడ ఎవరి భూమీ పోలేదు. ఆధార్లు, బ్యాంకు ఖాతాలు, ఉపగ్రహ చిత్రాలు అన్నీ కలిపి కోట్ల మందికి ఒక్క రోజులో డబ్బు పంపగలిగిన మనకు పొలంలో నిలబడ్డ మనిషి పేరు రాసుకోవడం చేతకాదంటే నేను నమ్మను. సాంకేతికంగా అది పెద్ద సమస్యే కాదు. ఊళ్ళో బలమున్నవాళ్ళకు ఇష్టం లేదు, అదీ సంగతి.

రైతుకు సాయం వద్దనడం నా ఉద్దేశం కాదు. 2011లోనూ, 2022లోనూ టెక్సాస్‌లో వేసిన పత్తిలో సగానికి మించి కరువుకు కోతకు రాకుండా పోయింది. బీమా లేకపోతే ఆ కౌంటీలో బ్యాంకువాడు ఎవరికీ అప్పివ్వడు. పంట వేసి, నష్టపోయినవాడికిచ్చే సాయం మీద నాకే అభ్యంతరమూ లేదు. నా టాక్సులోంచి పోయినా సరే. నా గొడవల్లా పంటతో, చెమటతో సంబంధం లేకుండా భూమి నంబరుకు పంపే డబ్బుతోనే. దానికి రైతు సాయమని పేరు పెట్టకండి, భూయజమాని పెన్షన్ అనండి. అప్పుడు ఇవ్వాలో వద్దో నిజాయితీగా మాట్లాడుకోవచ్చు.

అమెరికా 1935లో ఈ ప్రశ్నను పక్కన పెట్టింది. తర్వాత ఎన్ని చట్టాలొచ్చినా బేస్ ఎకరాన్ని కదపలేకపోయింది. ఒకసారి డబ్బు భూమి ధరలోకి ఇంకాక, దాన్ని నమ్మి అప్పు చేసి పొలం కొన్నవాళ్ళుంటారు. తీసేస్తే వాళ్ళు మునుగుతారు. అందుకని తీసెయ్యలేరు. తెలంగాణలో ఈ పద్ధతి మొదలై ఇంకా పదేళ్ళు కాలేదు. మార్చుకోవడానికి ఇదే సమయం, ముప్ఫై ఏళ్ళు పోయాక మారుద్దామన్నా మారదు.

మనలో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత పొలం ఉంది, నాన్న పేరుమీదో మన పేరుమీదో. దాన్ని వేరేవాళ్ళెవరో దున్నుతున్నారు. డబ్బులు మాత్రం మన ఖాతాలో పడుతున్నాయి. కాబట్టి ఈ విషయంలో మనం బయటనుంచి చూస్తున్నవాళ్ళం కాదు, ఆ పది శాతంలో మనమూ ఉన్నాం. ఈసారి పడినప్పుడు కౌలులో అంత మేర తగ్గించమని ఇంటికి చెప్పగలమా? ప్రభుత్వం చట్టం చేసేదాకా ఆగక్కర్లేని పని అదొక్కటే. మీరేమంటారో చెప్పండి. తిట్టినా ఫర్వాలేదు గానీ, తిట్టేముందు మీ పొలం ఎవరు చేస్తున్నారో ఒకసారి కనుక్కోండి.